దృశ్యమును సూచ్యమును: ‘డాలస్’ కథపైఁ బ్రేక్షకుల వివాదము

నాటకము చూచి మరలివచ్చువారు దారిపొడవునను దానిని గుఱించి తర్కించుకొనుట లోకస్వభావము. అట్లెక్కడనైన జరుగునా, ఆ తల్లి యట్లు పలుకునా, మొన్న చచ్చినవాఁడు నేఁడెట్లు వచ్చెను అని వారడుగు ప్రశ్నలను విద్వాంసులు తఱచుగాఁ జిన్నచూపు చూతురు. కథను నిజమని భ్రమించి పామరులిట్లు కలహించుచున్నారనియు, రసజ్ఞునకు సత్యాసత్యములతోఁ బనిలేదనియు వారి తలంపు. ఈ తలంపు సరికాదనియు, ఆ కలహములలో మన యాలంకారికులు చేసిన యౌచిత్యవిచారమే వేఱు మాటలలో నడచుచున్నదనియుఁ జూపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఇందులకు నిదర్శనముగా ‘డాలస్’ అను అమెరికా టెలివిజను కుటుంబకథను గ్రహించితిని. దాని ప్రేక్షకుల వాదములు గాలిలోఁ గలసిపోక, కొన్ని పరిశోధకులచే సేకరింపఁబడి గ్రంథస్థము లయ్యెను. మఱియు 1986లో ఆ కథయందు జరిగిన యొక మార్పు వస్తునిర్మాణశాస్త్రమునకు మంచి పరీక్షాస్థానము.

‘డాలస్’ కథ సి.బి.ఎస్. ప్రసారసంస్థద్వారమున 1978 ఏప్రిలు 2వ తేదిని మొదలై 1991 మే 3వ తేదిని ముగిసెను. భాగములు 357. మూలకల్పన డేవిడ్ జేకబ్స్ అను రచయితది. టెక్సాస్ రాష్ట్రమున సౌత్‌ఫోర్క్ అను పశుక్షేత్రము. అందు చమురువ్యాపారమున ధనవంతులైన యూయింగు వంశీయుల నివాసము. తండ్రి జాక్, తల్లి ఎలీ. ఎలీకిఁ గలిగిన కుమారులు మువ్వురిలోఁ బెద్దవాఁడు జె. ఆర్. కుటిలుఁడు, నడిమివాఁడు గేరీ యింటికి దూరమైనవాఁడు, చిన్నవాఁడు బాబీ ధర్మశీలుఁడు. జాక్‌నకు డిగ్గర్ బార్న్స్ అనువానితోఁ జిరకాలవైరము. ఆ బార్న్స్ వారింటి యాఁడపడుచు పామెలాను బాబీ వివాహమాడి తెచ్చుటతో కథ యారంభమగుచున్నది. జె. ఆర్. భార్య సూ ఎలెన్. వివాహితులైన కొడుకులును కోడండ్రును ఒక్క కప్పు క్రిందనే కాఁపురముందురు; ఒక్క బల్లకడనే భుజింతురు. ఇది మన యవిభక్తకుటుంబములకు వింత కాదు గాని, అమెరికా కోటీశ్వరుల విషయమున నమ్మఁదగిన సంగతియా యను ప్రశ్న కలుగక మానదు.

హాలండు దేశమున నీ కథ మిక్కిలి ప్రసిద్ధి గాంచియున్న కాలమున, ఇయెన్ ఆంగ్ అను విదుషి ‘వీవా’ యను స్త్రీల పత్రికలో నొక చిన్న ప్రకటన వేయించెను. తనకు ‘డాలస్’ చూచుట యిష్టమనియు, ఇతరులు దానినేల మెచ్చుచున్నారో, యేల మెచ్చకున్నారో వ్రాసి పంపవలసినదనియు దాని సారాంశము. వచ్చిన యుత్తరములు 42. వానిలోఁ బెక్కులు స్త్రీలు వ్రాసినవి. వాని నాధారము చేసికొని యామె రచించిన గ్రంథము 1982లో డచ్చి భాషలోను, 1985లో ఆంగ్లభాషలోను వెలువడెను. ఆ యుత్తరములలో విమర్శకుఁడు ముఖ్యముగా గమనింపవలసిన విషయమిది: కథను మెచ్చినవారిలోఁ బలువురు అది నిజమువలె నున్నది కాఁబట్టి మెచ్చితిమనిరి, మెచ్చనివారిలోఁ బలువురు అది నిజమువలె లేదు కాఁబట్టి మెచ్చమనిరి. కథ యొక్కటియే, ప్రమాణమొక్కటియే. నిర్ణయములు మాత్రము పరస్పరవిరుద్ధములు.

ఈ విరోధమునకు ఆంగ్ చెప్పిన పరిహారము సూక్ష్మమైనది. మెచ్చనివారు పైకిఁ గానవచ్చు వస్తువును లోకముతోఁ బోల్చుచున్నారు. మెచ్చినవారును ఆ భవనములు, ఆ ధనరాశులు, ఒకదానివెంట నొకటిగా వచ్చు ఆ విపత్తులు తమ లోకమునఁ గాననివే యని యెఱుఁగుదురు. కాని భర్త యనాదరము, అన్నదమ్ముల యీర్ష్య, చేతికందిన సుఖము నిలువక జాఱిపోవుట యనునవి తమ యనుభవమునకు సరిపోవుచున్నవని వారి భావము. దీనిని ఆమె యుద్వేగసంబంధమైన వాస్తవికత యనెను. మనము క్లుప్తముగా భావసత్యమందము. ఇల్లు అబద్ధము కావచ్చును. ఆ యింటిలోని దుఃఖము అబద్ధము కారాదు.

ఇది మన శాస్త్రమునకుఁ గ్రొత్త కాదు. భరతముని ప్రయోగమునకు లోకధర్మి, నాట్యధర్మి యని రెండు ధర్మములు చెప్పి, నాట్యమున నేది చెల్లును, ఏది చెల్లదు అను సందేహమునకు లోకమును బ్రమాణముగా నిర్దేశించెను. అభినవగుప్తుఁడు రసాస్వాదమునకుఁ గలుగు విఘ్నములు ఏడింటిని లెక్కించుచు సంభావనావిరహమును మొట్టమొదటఁ బేర్కొనెను. చూపఁబడినది జరుగుట కవకాశము కలదని తోఁపనిచో దానియందు మనస్సు నిలువదు. నిలువని మనస్సునకు రసము లేదు. ఉత్తరములు వ్రాసిన యా డచ్చి వనితలు విఘ్నమను పారిభాషికపదము నెఱుఁగరు. ఐనను తమ మనస్సెక్కడ నిలిచినదో, యెక్కడ నిలువలేదో వారు చెప్పిన సాక్ష్యము ఆచార్యుని లక్షణమునకు లక్ష్యము.

నాట్యధర్మికిఁ బ్రేక్షకులెంత చోటిత్తురో తెలుపు నుదాహరణము నీ కథలోనే కలదు. ఎలీ పాత్రను మొదటినుండి ధరించుచున్న బార్బరా బెల్ గెడ్డెస్ వైదొలఁగఁగా, 1984-85లో డోనా రీడ్ ఆ పాత్రను ధరించెను. 1985లో మరల మొదటి నటియే వచ్చెను. తల్లి ముఖము రెండు మాఱులు మాఱినది. ఇంటిలోనివా రెవ్వరును ఆశ్చర్యపడినట్లు కథ చూపలేదు. లోకమున నింతకంటె నసంభవమేమున్నది? ఈ మార్పు రుచింపనివారుండిరి. కాని యది నటిని గుఱించిన యసంతృప్తియే గాని, కథ బొంకినదను నిందారోపణము కాదు. పాత్ర వేఱు, పాత్రధారి వేఱు అను మాట ప్రేక్షకులకు శాస్త్రము చదువకయే తెలియును.

లోకప్రమాణము దేశమునుబట్టి మాఱుననుటకును ఈ కథయే సాక్షి. టామర్ లీబెస్, ఎలిహూ కాట్జ్ అను పరిశోధకులు ఇజ్రాయెలునందలి అరబ్బులను, మొరాకోనుండి వచ్చిన యూదులను, రష్యానుండి క్రొత్తగా వచ్చినవారిని, కిబ్బుట్జులను సమష్టిగ్రామములవారిని, వీరితోఁ బోల్చుటకై అమెరికనులను, జపానువారిని చిన్న చిన్న గుంపులుగాఁ గూర్చుండఁబెట్టి, ఒక భాగమును జూపి, చూచిన కథను మరలఁ జెప్పుఁడని యడిగిరి. వారి గ్రంథము 1990లో వెలువడెను. అరబ్బులును మొరాకో యూదులును జరిగినది జరిగినట్లు వరుసగాఁ జెప్పిరి. అమెరికనులును కిబ్బుట్జులవారును పాత్రల మనస్తత్వమును వివరించిరి. రష్యావారు కథ లోలోపల బోధించు సిద్ధాంతమేమని తరచి చూచిరి. జపానులో నీ కథ నిలువనే లేదు; అచ్చటివారు ఇందలి పొందికలేములను ఎత్తిచూపిరి.

వారి గ్రంథమున నొక చిన్న పొరపాటు నమోదైనది. అది నాకు మిక్కిలి విలువైనదిగాఁ దోఁచుచున్నది. సూ ఎలెన్ భర్తను విడిచి, బిడ్డ నెత్తుకొని, పూర్వప్రియుఁడైన డస్టీ ఫార్లోయు అతని తండ్రియు నుండు నింటికిఁ బోయెను. అరబ్బుల గుంపొకటి ఈ కథను మరలఁ జెప్పుచు, ఆమె తన తండ్రి యింటికిఁ బోయినదని చెప్పెను. మగనిని విడిచి బిడ్డతో బయలుదేఱిన యిల్లాలు పుట్టినింటికిఁ గాక మఱెక్కడికిఁ బోవును? ఇది వినికిడిలోపము కాదు. ఔచిత్యబుద్ధి చేసిన సవరణ. ఇతిహాసప్రసిద్ధమైన కథయందైనను రసమునకు విరుద్ధమైన భాగమున్నచో కవి దానిని విడిచి, అనుగుణమైనదానిని గల్పింపవలయునని ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున నుపదేశించెను. శాస్త్రము కవికిచ్చిన యధికారమును ఆ ప్రేక్షకులు తామే కైకొనిరి. ఆ చోట మన తెలుఁగువారుండినను అట్లు సవరింపకుందురని నేను చెప్పఁజాలను.

ఇంతవఱకుఁ జెప్పినది కథకు లోకముతోఁ గల పొందిక. దీనికంటె గట్టి పొందిక వేఱొకటి కలదు. అది కథకుఁ దనతోఁ దనకుఁ గల పొందిక. ప్రేక్షకుల వివాదములు తీవ్రమగుట ఇచ్చటనే. దీనిని విచారించుటకు ధనంజయుని దశరూపకమందలి యొక విభాగము మనకుఁ దోడ్పడును. అతఁడు నాటకవస్తువును సూచ్యమనియు, దృశ్యశ్రవ్యమనియు విభజించెను. రంగమునఁ జూపుటకుఁ దగనిది, నీరసమైనది విష్కంభప్రవేశకాదులచే సూచింపఁబడవలెను. రసవంతమైనది ప్రత్యక్షముగాఁ జూపఁబడవలెను. ఈ విభాగము రంగసౌకర్యమునకు మాత్రమే యేర్పడినదని సామాన్యముగాఁ దలంతుము. ‘డాలస్’ వివాదములను బరిశీలించినచో దీనియందు వేఱొక ధర్మము దాఁగియున్నట్లు తెలియవచ్చును: సూచ్యమును కవి తరువాత సవరింపవచ్చును, దృశ్యమును సవరింపరాదు.

మొదట 1980నాఁటి సంగతిని జూతము. ఆ యేఁటి మార్చి 21వ తేది భాగము చివర జె. ఆర్.ను ఎవరో తుపాకితోఁ గాల్చిరి. కాల్చినవారెవ్వరో చూపలేదు. నవంబరు 21వ తేదివఱకు ఎనిమిది నెలలు లోకమంతయు దానినే తర్కించెను. ఎవరికిఁ బగ కలదు, ఎవరెక్కడ నుండిరి, ఎవరి చేతికిఁ దుపాకి చిక్కుటకు వీలుండెను అని ప్రేక్షకులు పూర్వభాగములను నెమరువేసికొనిరి. ఆ రాత్రి సమాధానము చూచినవారు అమెరికాలో సుమారు 8 కోట్ల 30 లక్షలమంది. కాల్చినది సూ ఎలెన్ చెల్లెలు క్రిస్టిన్ అని తేలెను. ఇచ్చటఁ గాల్చుట దృశ్యము; కర్త గూఢము. గూఢమైనదానిని నిర్ణయించుటకు రచయితకు స్వాతంత్ర్యము కలదు, చూపినదానికి విరుద్ధము కాకున్నఁ జాలును. ఆటకు నియమమున్నది కనుకనే అన్నిలక్షలమంది యాడిరి.

ఇఁక మరణములు. పైఁ జెప్పిన డస్టీ విమానప్రమాదమున మరణించినట్లు 1980లో వార్త వచ్చెను; 1981లో అతఁడు వికలాంగుఁడై సజీవుఁడుగా మరలివచ్చెను. అది వార్త మాత్రమే. మృతిని మనము చూడలేదు. జాక్ పాత్రధారి జిమ్ డేవిస్ 1981లో నిజముగానే మరణింపఁగా, జాక్ దక్షిణ అమెరికాలో హెలికాప్టరు ప్రమాదమున మృతుఁడైనట్లు కథలోఁ జెప్పిరి, శవము దొరకలేదు. 1986-87లో వెస్ పార్మలీ యనువాఁడు వచ్చి తానే జాక్‌నని చెప్పుకొనెను. తుదకు వంచకుఁడని తేలెను. అంతవఱకు అతఁడు జాక్ అగునా కాఁడా యని విచారించుటకు ఇంటివారికిని చూచువారికిని అవకాశము చిక్కెను. శవము దొరకని మరణము సూచ్యము. అందు సందేహమునకుఁ జోటున్నది.

బాబీ మరణము ఇట్టిది కాదు. పాట్రిక్ డఫీ యను నటుఁడు కథనుండి తొలఁగఁ గోరుటచే, 1985 మే 17వ తేది భాగమున బాబీని జంపిరి. పామెలా సవతి సోదరి కాథరిన్ వేగముగాఁ గారు నడిపికొని రాఁగా, అతఁడు పామెలాను ప్రక్కకు నెట్టి తాను దెబ్బతినెను. వైద్యశాలలో తల్లియు, అన్నయు, పామెలాయుఁ జుట్టునుండఁగా అందఱితో మాటలాడి కన్నుమూసెను. ఇది సంపూర్ణముగా దృశ్యము. ఇంటివారితోఁ బాటు చూచినవారును దుఃఖించిరి. తరువాత నొక సంవత్సరము, 31 భాగములు, ఆ మరణము నాధారముగాఁ జేసికొని నడచినవి. పామెలా తుదకు మార్క్ గ్రేసన్ అనువానిని వివాహమాడెను. 1986 మే 16వ తేది భాగము చివర నామె నిద్రలేచి స్నానగృహము తలుపు తెఱవఁగా, అందు బాబీ స్నానము చేయుచుండెను! సెప్టెంబరు 26వ తేదిని వివరణము వచ్చెను: బాబీ మరణించుటయు, నా సంవత్సరమున జరిగినదంతయుఁ బామెలా కన్న కల.

ఇందు లోకవిరుద్ధమేమి? ఏమియు లేదు. చచ్చినవాఁడు బ్రదికి వచ్చుట అసంభవము, కలఁగనుట అనుదినానుభవము. వాస్తవికతయే ప్రమాణమైనచో, ఈ కథలోని చమురుకుట్రలకంటె, వరుస ప్రమాదములకంటె నీ కలయే మిక్కిలి వాస్తవము. ఐనను ప్రేక్షకులు దేనిని గుఱించియుఁ జేయనంత వివాదము దీనిని గుఱించి చేసిరి. దశాబ్దములు గడచినను ఆ స్నానదృశ్యము కథకుల చేతఁకానితనమునకు సామెతగా వాడఁబడుచున్నది. ప్రేక్షకులు కోరినది లోకసాదృశ్యము మాత్రమే కాదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనము వలదు. వారు కోరినది కథ తన మాటను తాను నిలుపుకొనుట. కవి చూపెను, వారు చూచిరి, చూచి యేడ్చిరి. ఆ యేడ్పు నిజము. దానికిఁ గారణమైనది లేదనుట చూచినవారి యనుభవమును ద్రోసిపుచ్చుటయే.

స్వప్నమును నాటకమున వాడరాదా యని యడుగవచ్చును. వాడవచ్చుననుటకు భాసుని స్వప్నవాసవదత్తమే సాక్షి. ఆ నాటకమును తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912లో ముద్రింపించినది మొదలు పండితలోకము దాని స్వప్నాంకమును గొనియాడుచునే యున్నది. అందును భార్య చనిపోయినదని భర్త నమ్మును. ఆమె మరల లభించును. కాని భేదమును జూడుఁడు. లావాణకమున వాసవదత్త యగ్నిలో దగ్ధమయ్యెననుట సూచ్యము. దానినెవ్వరును రంగమునఁ జూడలేదు. పైఁగా ఆమె సజీవురాలని సభ్యులకు మొదటి యంకముననే తెలియును, తెలియనివాఁడు ఉదయనుఁడు. నిద్రలో నామెతో మాటలాడి, మేలుకొని, క్షణకాలము చూచి, కలయేమో యని యతఁడు సందేహించినప్పుడు, అది కల కాదని మన మెఱుఁగుదుము. అచ్చటఁ గలవలెఁ దోఁచినది నిజమయ్యెను; ఇచ్చట నిజమువలెఁ జూపినది కల యయ్యెను. మొదటిది ప్రేక్షకుని జ్ఞానమును రాజు జ్ఞానముకంటె నున్నతముగా నిలిపినది. రెండవది ప్రేక్షకుని జ్ఞానమును ఒక్క పెట్టునఁ గాల్చివైచినది.

దీనికిఁ బ్రతివాదములు లేకపోలేదు. బాబీ మరలివచ్చుటను బ్రేక్షకులే కోరిరి. కోరినది యిచ్చినందుకు నిందింపనేల యని కొందఱందురు. కోరుట నిజమే. పాత్రపై మక్కువ వేఱు, కథపై విశ్వాసము వేఱు. మొదటిదానిని దీర్చుటకై రెండవదానిని వ్యయము చేయవచ్చునా యనునదే ప్రశ్న. అమెరికా ప్రేక్షకగణనలలో ‘డాలస్’ 1984-85లో 2వ స్థానమునను, బాబీ లేని 1985-86లో 6వ స్థానమునను, అతఁడు మరలివచ్చిన 1986-87లో 11వ స్థానమునను నుండెను. ఇట్టి క్షీణతకుఁ గారణములు పెక్కులుండును. దానినంతయు నీ కలపై మోపుట న్యాయము కాదు. బాబీ రాకమాత్రముననే పూర్వవైభవము మరలి రాలేదనుట మాత్రము స్పష్టము.

మఱికొందఱు ఇది వ్యాపారకథ, కావ్యము కాదు. దీనికి దశరూపకనియమమేల యందురు. దీనికి సమాధానము ఆ వ్యాపారకథయే చెప్పినది. గేరీ నాయకుఁడుగా ‘నాట్స్ లాండింగ్’ అను వేఱొక ధారావాహిక 1979 డిసెంబరు మొదలు 1993 మేవఱకు నడచెను. అందు గేరీ తన తమ్ముని మరణమునకు శోకించెను. ‘డాలస్’ రచయితలు దానిని గలగాఁ జేసినప్పుడు ఈ కథవారు తమ శోకదృశ్యములను వెనుకకుఁ దీసికొనలేదు. అందు బాబీ మృతుఁడుగనే యుండెను. ఒక్క వంశము, ఒక్క తల్లి కడుపునఁ బుట్టిన యన్నదమ్ములు. ఒక కథలోఁ దమ్ముఁడు సజీవుఁడు, మఱియొక కథలో గతించినవాఁడు! తరువాత నీ రెండు కథల పాత్రల రాకపోకలు నిలిచిపోయెను. చూపినదానిని గాదనుటకు ఒక కథ సాహసింపఁగా, తోడి కథ సంబంధమునే త్రెంచుకొనవలసివచ్చెను. దృశ్యమునకుఁ గల బంధనశక్తి యిట్టిది.

చిన్న చిన్న సంగతులను జ్ఞప్తియందుంచుకొని కలహించుట అల్పుల పనియనువారు మన కళాపూర్ణోదయమును దలంపవలయును. పింగళి సూరన యా ప్రబంధమున ముందు పలికిన మాట యొక్కొక్కటియు వెనుక ఫలించును. ఒక చోటి చిన్న మాటను విస్మరించినవానికి మఱియొక చోటి ముడి విడదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914నాఁటి కవిత్వతత్త్వవిచారమున నా కావ్యమును విమర్శించుచు కథాసంవిధానమును ముఖ్యవిషయముగా గ్రహించిరి. సూరన తన పాఠకునినుండి కోరిన యవధానమునే టెలివిజను ప్రేక్షకులు తమ కథకు సమర్పించుచున్నారు. కథ దానికిఁ దగియున్నదా లేదా యనుట వేఱు ప్రశ్న. సమర్పించినవారిని బరిహసించుట తగదు.

మన పాఠశాలలలో ఔచిత్యమును బోధించునపుడు క్షేమేంద్రుని భేదములను వల్లె వేయించి విడుచుట యాచారమైనది. అదియే విద్యార్థి యింటికిఁ బోయి, తల్లితోను నాయనమ్మతోను గూర్చుండి సాయంకాలపుఁ గథను జూచి, ఈ కోడలు నిన్న విన్న మాటను నేఁడు విననట్లు నటించుట యేమి యని వాదించును. ఆ వాదమును మఱునాఁడు తరగతికిఁ దెచ్చుకొనుమని యుపాధ్యాయుఁడు చెప్పినచో, అందు సూచ్యమేది, దృశ్యమేది, సంభావనావిరహమెక్కడ, రసభంగమెక్కడ యని విడఁదీసి చూపుటకు వీలుకలుగును. అప్పుడు శాస్త్రము పరీక్షకొఱకుఁ గంఠస్థము చేయవలసిన పట్టికగాక, తాను చూచినదానిని నిర్ణయించుకొనుటకుఁ దగిన సాధనమగును. ఆ నాయనమ్మయు సభ్యురాలే; ఆమె సందేహమును లక్షణమునకు లక్ష్యముగా గ్రహింపవలసినదని విజ్ఞులకు మనవి.